చుట్ట మానిన అయిదో రోజు

మా ఆయన పోయాక అక్షరాలు నేర్చుకున్నాను. నిదానంగా రాశాను, తప్పులుంటే మన్నించండి.

వత్సవాయి దగ్గర పత్తి చేలో భార్యాభర్తలు కూలికి కలుపు తీస్తున్నారు. ఆయన చుట్ట మాని అయిదు రోజులైంది.

"పొద్దున్నుంచి నడుం ఎత్తలేదేందయ్యా? కాసేపు గట్టు మీద కూర్చో."

"ఊరికే ఎట్టా కూర్చునేది? చుట్ట ముట్టించుకుంటే ఎవరూ ఏమనరు. ఉత్త చేతుల్తో కూర్చుంటే పనిదొంగ అంటారే."

"అయితే ఇన్నేళ్లూ కూర్చోడానికి కాల్చావా?"

"సగం దానికే. మేస్త్రి ఒకటి ఇస్తానన్నాడు. ఈ ఒక్కసారికి..."

"రాత్రి నువ్వు దగ్గలేదు. ఊపిరాడుతుందో లేదోనని నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశా, తెలుసా?"

"పిచ్చిదానా!"

ఆమె కొడవలి పక్కన పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని గట్టు మీదికి తీసుకుపోయి, పక్కనే కూర్చుంది.

"లేవే, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. పనిదొంగ అనరులే. పెళ్లాం కొంగు పట్టుకు తిరుగుతున్నాడంటారు."

"అది ఇంకా అన్యాయం కదే!"

"పడు ఆ మాట. చుట్ట కంటే చెడ్డదాన్నా నేను?"

ఆయన నవ్వాపుకోలేక చేలోకి కేకేశాడు.

"మేస్త్రీ, ఆ చుట్ట నువ్వే కాల్చుకో. నాతో కూర్చోడానికి మనిషుంది."

— కనికరమ్మ, అరవై ఆరేళ్లు, ఇప్పుడు ఉంటున్నది చిల్లకల్లు.