ఏనుగులు నింపిన కోరం

డెంకణికోట బస్సు రావాలంటే ఇంకా అరగంట ఉంది. కొండప్ప టీ అంగడి ముందర బెంచీ మీద వరదప్ప గ్లాసు పట్టుకొని కూర్చున్నాడు. ఆయన చెప్పేది సగానికి సగం అబద్ధమని మాకు తెలుసు, అయినా వింటాం, అంత బాగా చెప్తాడు మరి. బెంచీ చివర వెంకటలక్ష్మమ్మ, చేతిలో మడత పెట్టిన అర్జీ కాగితంతో బస్సు కోసం చూస్తా ఉంది. అడవి అంచున ఆమెకు ఎకరం రాగి చేను.

హోసూరు ఫ్యాక్టరీలో పని చేసే చక్రి, ఆంధ్రా నుంచి వచ్చి మా ఊళ్ళో అద్దెకున్నాడు. పేపర్ తిప్పుతూ, "కోరం లేక సభ వాయిదా అని రాశారు. కోరం అంటే ఏందన్నా?" అని అడిగాడు. ఇంక వరదప్పను ఆపేదెవరు?

"కోరమా! సరైన మనిషినే అడిగినావు చూడప్పా. చట్టం చేసే ప్రతి చోటా ఉండే మాట అది. సభ అంటే కుర్చీలేసి మైకు పెడితే అయిపోదు. ఇంత మంది కూర్చోవల్ల అని ఒక లెక్క ఉండాది. ఆ లెక్క నిండితే కోరం ఉండాది అంటారు, నిండకపోతే కోరం లేదంటారు. కోరం లేకుండా నువ్వు బంగారం లాంటి తీర్మానం చేసినా చెల్లదు, పొట్లం కట్టుకునేదానికే పనికొస్తాది. మన పంచాయతికి నూరు తలలు. ఢిల్లీలో లోక్‌సభకు పదో వంతు చాలు. ఈ సుట్టుపక్కల ఇది ఎవురికి తెలుసు? పోయిన గ్రామసభలో ఆఫీసరు 'కోరం' అంటానే ప్రెసిడెంటే నా మొగం చూసినాడు. నేను లేచి అర్థం చెప్పినాను."

"అంతేనా?" అన్నాడు కొండప్ప, పాలు కాస్తూ.

"అంతేనా అంటావే! గమ్మున ఇను. ఆ పొద్దు తీర్మానం ఏంది? ఏనుగులు చేన్లలోకి రాకుండా అడవి అంచున కందకం తవ్వల్లని. అది పాసైతేనే పైకి ఫైలు కదిలేది. సభలో చూస్తే నలభై తలలు. ఆఫీసరు గడియారం చూసుకుంటా ఉండాడు. 'సార్, ఒక్క గంట టైమియ్యండి, నేను వరదప్పను' అని చెప్పి మోపెడ్ ఎక్కినాను. గులాబీ పూలు పెంచే షెడ్లలో పనికి పోయిన మనోళ్ళు ఇరవై మందిని కూర్చోబెట్టుకొని వచ్చినాను."

"ఒక్క మోపెడ్ మీదనా?" అన్నాడు చక్రి.

"రెండు తూర్లుగా లేప్పా, నేనేమన్నా పిచ్చోణ్ణా? అరవై అయిరి. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? మన ఊరోళ్ళ పెండ్లి బస్సు పోతా ఉండె. రోడ్డుకు అడ్డం నిలబడినాను. 'మూర్తం దాటిపోతాది మామా' అని పెండ్లికొడుకు ఒకటే ఏడుపు. 'మూర్తం ఇంకోటి పెట్టించుకోవచ్చు, కోరం యాడ తెస్తావురా' అని అందర్నీ దించేసినాను. అయ్యవారు సభలోనే మంత్రాలు మొదలుపెట్టె. తాళి కట్టేటప్పుడు అక్షింతలకు చేతులెత్తితే ఆఫీసరు ఓట్లనుకొని లెక్కబెట్టేసె! పెండ్లోళ్ళు ముప్పైతొమ్మిది. మొత్తం ఎంత?"

"తొంభైతొమ్మిది," అన్నాన్నేను.

"ఒక్కటి తక్కువ! ఆఫీసరు పుస్తకం మూయబోతా ఉండాడు. గేటు కాడ చూస్తే ఏనుగు. ఒకటా? ఇరవైమూడు, పిల్లలతో కలిపి. ఆఫీసరు టేబుల్ కిందికి దూరె. నేను అడుగు కదల్లేదు. పెద్దదాని తొండం పట్టుకొని చెప్పినాను, 'అప్పా, మీ తాతల కాలం నుంచి మా రాగులే తింటా ఉండారు. మీరూ ఈ ఊరోళ్ళే. వచ్చి కూర్చోండి' అని. వరసగా కూర్చున్నాయప్పా! పెద్దేనుగు కాలికి ఇంకు పూసి ముద్ర ఏపిస్తామంటే పుస్తకం చాలలేదు, పంచాయతి ఆఫీసు గోడకే ఏపించినాము."

"ఆ గోడ మీద ముద్ర నేనెప్పుడూ చూడలేదే," అన్నాడు కొండప్ప.

"సున్నం కొట్టేసినారు లే. 'కందకానికి ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి' అంటే ఇరవైమూడు తొండాలు లేచె! వాటికి అడ్డం తవ్వే కందకానికి అవే ఒప్పుకునె. అదీ నా మాటకుండే మర్యాద. అంతటితో అయిపోయిందా? సాయంత్రం ఢిల్లీ నుంచి ఫోను. 'వరదప్పా, ఈడ కోరానికి పది తలలు తగ్గినాయి, మీ కాడ మిగిలింటే పంపప్పా' అని. హోసూరు స్టేషన్లో పది ఏనుగుల్ని రైలెక్కించినాను. చిన్నది కిటికీ సీటు కావల్లని మారాం చేస్తే టీసీని లేపి కూర్చోబెట్టినాను. మూడు చట్టాలు పాసు చేసుకొని నాలుగో దినం తిరిగొచ్చినాయి. రాసి పెట్టుకోండి, నేను లేకుంటే ఈ ఊర్లో సభే జరగదు!"

చక్రి టీ పొలమారేంత నవ్వాడు. మేమూ నవ్వాం. వెంకటలక్ష్మమ్మ మాత్రం నవ్వలేదు.

"ఆ ఒక్క మాట నిజమన్నా," అంది. "నువ్వు లేకనే జరగలేదు."

వరదప్ప ఆమె వైపు తిరిగాడు.

"గాంధీ జయంతి పొద్దు సభలో తొంభైతొమ్మిది సంతకాలు పడినాయి. పుస్తకం పక్కన నిలబడి నేనే లెక్కబెట్టినాను. ఇంకొక్కరి కోసరం ఈ అంగడికి రెండు తూర్లు ఉరికొచ్చినాను. నువ్వు గ్రామసభ గురించే చెప్తా ఉంటివి. నీ సుట్టూ ఆరుగురు. 'ఐదు నిమిషాలమ్మా, అయిపోవచ్చె' అంటివి. నేను తిరిగి పోయేసరికి ఆఫీసరు పుస్తకం మూసి జీపెక్కినాడు. ఆ వారంలోనే ఏనుగులు దిగినాయి. కంకి పట్టిన చేనన్నా. పిడికెడు మిగల్లేదు."

ఆ ఆరుగురిలో నేనూ ఒకణ్ణి. ఆమె రెండోసారి వచ్చినప్పుడు చెమటలు కక్కుతూ నిలబడింది, నేను చూశాను, చూసి కూడా కథ వైపే తిరిగాను. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కొండప్ప పొయ్యి మంట తగ్గించాడు.

మలుపులో బస్సు హారన్ వినిపించింది. వెంకటలక్ష్మమ్మ లేచి కొంగు సర్దుకుంది.

"మళ్ళీ సభ పెట్టమని అర్జీ ఇచ్చేదానికి పోతా ఉండాను. పెడితే వస్తావా అన్నా?"

వరదప్ప గ్లాసు బెంచీ మీద పెట్టాడు. ఇంకో ఏనుగును తోలుకొస్తాడేమో అనుకున్నాం.

"వస్తానమ్మా," అన్నాడు.