పొడుగక్క అరువు తెచ్చిన అక్షరాలు

ఏంటీ, ఓవర్‌తో మొదలయ్యే మాటలా? రేపటికి పాతిక రాసుకు రమ్మన్నారా? పాతికేం ఖర్మ, నా దగ్గర తొంభై ఆరున్నాయి, కూర్చో. కూర్చోవే, నువ్వు నిలబడి వింటుంటే నాకు తొందర పుడుతుంది. ఆ ఫోను అలా పక్కన పెట్టు. అందులో అర్థాలుంటాయి గానీ అవి ఎవరూ మాట్లాడే మాటలు కావు. నాకు ఇవి ఎవరు నేర్పారనుకున్నావు? కాలేజీలోనా? కాలేజీలో నేను నేర్చుకున్నది చేతులు వదిలేసి సైకిలు తొక్కడం ఒక్కటే. నాకు ఇంగ్లీషు నేర్పింది ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషి. పొడుగక్క. నీకెప్పుడూ చెప్పలేదూ? మీ అమ్మకి చెప్పాను. మీ మామయ్యకీ చెప్పాను, వాడు సగంలో నిద్రపోయాడు. ఓవర్‌స్లీప్ అనే మాట వాణ్ణి చూసే పుట్టించి ఉంటారు. అదొకటి రాసుకో.

పట్టా పుచ్చుకుని ఏడాది ఖాళీగా తిరిగాక నాకు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పని దొరికింది. పొడుగాటి గది, ఒకే కిటికీ, గోడ వారగా ఏటవాలు బల్లల మీద అక్షరాల కేసులు. కేసు అంటే గళ్ళు గళ్ళుగా ఉండే చెక్క పళ్ళెం. ఒక్కో గడిలో ఒక్కో సీసం అక్షరం, వందలకొద్దీ. వాటిని ఒక్కొక్కటీ ఏరి వరసగా పేర్చేది పొడుగక్క. అందరూ స్టూలెక్కి అందుకునే పై అరని ఆవిడ నిలబడే తుడిచేది. గుమ్మాలు తగులుతాయని వంగి వంగి, చివరికి గుమ్మం లేని నడిరోడ్డు మీద కూడా అలవాటుగా ఒకసారి వంగి నడిచేది పాపం. అక్షరం ముక్క మీద బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుందా, ఆవిడ దాన్ని అలా తిరగబడే చదువుకుంది, వాటికి తన పేర్లు తను పెట్టుకుంది. ఎస్ వానపాము. జీ కళ్ళజోడు. వీ గరాటు. నేనొకసారి, "అక్కా, ఇది వీ" అని చెప్పబోతే, "మీ కాలేజీలో దాన్ని ఏమన్నా అనుకోండి నాయనా, నా గడిలో అది గరాటే" అంది. అప్పట్నుంచి నా పేరు కాలేజీ అయిపోయింది. "ఏం కాలేజీ, కళ్ళు తెరిచే దిద్దుతున్నావా?" అని రోజూ పొద్దున్నే పలకరింపు.

ఆ రోజుల్లోనే డిక్షనరీ మాస్టారు వచ్చాడు. బడిలో పాఠాలు చెబుతూ పదిహేడేళ్ళు చీటీల మీద మాటలు రాసుకున్నాడాయన. ఇంగ్లీషు మాట, పక్కన వాడుకకి ఒక వాక్యం, కింద మన భాషలో అర్థం. చెప్పుల డబ్బాల్లో పెట్టుకుని రిక్షాలో తెచ్చాడు, ఇరవై రెండు డబ్బాలు. మా ఓనరు ఆ డబ్బాల్ని చూసి, "మాస్టారూ, ఇది చెప్పుల కొట్టు కాదండీ, పక్క సందులో" అన్నాడు. ఆయన నవ్వలేదు. ఆయనకి అప్పుడు నవ్వే తీరిక లేదు. ఆ ఏడాది ఆఖరుకి ఉద్యోగం నుంచి దిగిపోతున్నాడు. ఊళ్ళో బళ్ళన్నిటికీ ఏ డిక్షనరీ కొనాలో తేల్చడానికి ఆ లోపే ఒక సోమవారం నాడు కమిటీ కూర్చుంటోంది. ఆ వేళకి కుట్టిన పుస్తకం బల్ల మీద ఉంటేనే ఆయన మాట వింటారు. లేకపోతే బయట నుంచి వచ్చిన లావుపాటి పుస్తకమొకటి సిద్ధంగా ఉంది. "అది గనక పిల్లల చేతిలో పడితే రెండు భాషలూ ఒకేసారి మర్చిపోతారు" అనేవాడు మాస్టారు.

ఆయనకో పద్ధతి ఉండేది, వినాలి నువ్వు. తను రాసుకున్న అర్థాన్ని తనే నమ్మేవాడు కాదు. ప్రూఫు పట్టుకుని గదిలో నిలబడి పైకి చదివేవాడు. పనివాళ్ళలో ఎవరికైనా అది ఎప్పుడో అన్న మాటలా వినపడితే ఉంచేవాడు, లేకపోతే కొట్టేసేవాడు. మిగతావన్నీ అచ్చయ్యాక, ఆయన చివరిదాకా దిద్దుకుంటూ కూర్చున్న ఓవర్ పేజీలు వచ్చాయి. ఓవర్‌ఫ్లో. "పొంగడం," అన్నాడాయన. పొడుగక్క చేతిలో పని ఆపకుండానే, "గిన్నెలో ఉన్నంతసేపే పొంగడం. అంచు దాటి పొయ్యిలో పడ్డాక పొర్లడం. తుడిచేవాళ్ళని అడగండి తేడా" అంది. మాస్టారు కొట్టేసి రాసుకున్నాడు. ఓవర్‌హియర్ అంటే చాటుగా వినడం అని ఉంది. "చాటున నిలబడితే అది దొంగతనం కదండీ. ఇది మన పనిలో మనముంటే మాట దానంతటదే చెవిన పడ్డం" అంది. ఓవర్‌లుక్ అంటే చూడక వదిలేయడం, మేడ గదిలోంచి కింద వీధి కనిపిస్తే అదీ ఓవర్‌లుకే. ఓవర్‌టేక్ దాటిపోవడం, ఓవర్‌డూ శ్రుతి మించడం, ఓవర్‌టర్న్ బోల్తా కొట్టడం. రాసుకుంటున్నావా? ఊరికే తలూపకు. ఒక్క ఓవర్‌జాయ్డ్ దగ్గర బండి ఆగిపోయింది. మాస్టారు 'మహదానందభరితుడైన' అని రాసి, చదివి, తనే మొహం చిట్లించాడు. "నాకు ముగ్గురు పిల్లలు పుట్టారు మాస్టారూ. సంతోషమైతే పడ్డాను గానీ అంత మాట మాత్రం నోట్లోంచి రాలేదు" అంది పొడుగక్క. మిషను నడిపే ఆయన, చెవుడు ఆయనకి, ఏమడిగారో కూడా వినకుండా "రాలేదు రాలేదు" అన్నాడు. దానికి అర్థం రాయకుండా ఖాళీగానే ఉంచారు.

సరే, అదలా ఉండగా కమిటీకి ఆరు రోజులుందనగా, మంగళవారం మధ్యాహ్నం పొడుగక్క చెయ్యి గడిలోకి వెళ్ళి ఖాళీగా పైకొచ్చింది. "గరాటులైపోయాయి" అంది. ఎందుకైపోవు? ఇంగ్లీషులో వీ వాడకం తక్కువ కదా, దానికి చిన్న గడే ఇస్తారు. ఇక్కడేమో వరసగా ప్రతి మాటలోనూ ఓవర్, ప్రతి వాక్యంలోనూ మళ్ళీ ఓవర్. ఎనిమిది పేజీలూ కలిపి బిగిస్తే గానీ మిషనెక్కవు. ఆరు పేజీలకే గడి నిండుకుంది. ముందు ఆరూ అచ్చేసి అక్షరాలు విప్పుకుంటే అంటావా? కాగితం వృథా, మిషను రెండుసార్లు ఎక్కించాలి, రెండ్రోజులు పోతాయి, సోమవారం చేజారిపోతుంది. కొత్త అక్షరాలు తెప్పించాలంటే వారం. ఇంకా యాభై ఎనిమిది కావాలి. గది అంతా వెతికాం. పాత రసీదుల్లో మూడు దొరికాయి. అప్పుడు పొడుగక్క తలెత్తి పై అర కేసి చూసింది. ఆవిడకి మాత్రమే కనిపించే అర అది.

అక్కడ కాగితం చుట్టి, దారంతో కట్టి ఒక పేజీ ఉంది. మా ఓనరు వాళ్ళ నాన్న, ఆ ప్రెస్సు పెట్టిన పెద్దాయన, ప్రెస్సులో మొట్టమొదట పేర్చుకున్న పేజీ. పెళ్ళికి ముందు తన భార్య మీద ఇంగ్లీషులో రాసుకున్న పద్యం, నలభై పంక్తులు. లవ్వు, ఎవర్, నెవర్, హెవెన్. పంక్తికి ఒకటో రెండో గరాటులు. నలభై ఏళ్ళుగా దాన్ని విప్పలేదు. బుధవారం పొద్దున్న పొడుగక్క తిన్నగా వెళ్ళి ఓనర్ని అడిగేసింది. ఆయన కళ్ళజోడు తీశాడు. కళ్ళజోడు తీశాడంటే కోపమొచ్చిందని లెక్క. "మా నాన్న చేత్తో పేర్చింది. దాని మీద చెయ్యి పడిందంటే, పడినవాళ్ళు అట్నుంచటే ఇంటికెళ్ళొచ్చు" అన్నాడు.

పొడుగక్క వెనక్కొచ్చి మాస్టారు వంక చూసింది. ఆయన ఖాళీ డబ్బాకి మూత పెడుతున్నాడు, తీస్తున్నాడు, మళ్ళీ పెడుతున్నాడు. ఆ మూత చప్పుడే ఆవిడ చేత ఆ పని చేయించింది, నేను చెబుతున్నాను. గురువారం ఓనరు భోజనం చేసి ముందు గదిలో బెంచీ మీద పడుకున్నాక, "కాలేజీ, ఆ గురక వింటూ నిలబడు. ఆగితే దగ్గు" అంది. నేను మూడుసార్లు దగ్గాను. అందులో రెండు నిజం దగ్గులు, సిరా వాసనకి. ఆవిడ పేజీ దింపి, దారం విప్పకుండానే, చిన్న పట్టకారుతో గరాటులు ఒక్కొక్కటీ పైకి లాగింది. తీసిన ప్రతిచోటా అంతే వెడల్పున్న వేరే అక్షరం తలకిందులుగా గుచ్చింది. ప్రెస్సుల్లో అక్షరం చాలనప్పుడు చేసే పనే అది. అచ్చు తీస్తే అక్కడ నల్లటి మచ్చ పడుతుంది, ఇక్కడొకటి రావాలని గుర్తు. పంక్తి చెదరదు. మళ్ళీ చాలకపోతే కష్టమని ఉన్నవన్నీ, అరవై రెండూ లాగేసింది. పేజీని మళ్ళీ చుట్టి పైన పెట్టేసి, "సోమవారం దాటాక తిరిగి ఇచ్చేద్దాం. అరువే కదా" అంది. వాళ్ళింటికి వచ్చే జీతం ఆవిడదొక్కటే, ఆ సంగతి నాకు తెలుసు.

ఇక శుక్రవారం. పొద్దున్నే ఎనిమిది పేజీలూ బిగించాం. మిషనాయన సిరా పూయబోతుంటే వీధిలో రిక్షా ఆగింది. ఎవరనుకున్నావు? ఓనరు వాళ్ళమ్మ, పెద్దమ్మగారు. ఎనభై ఏళ్ళ మనిషి. రాత్రి భోజనాల దగ్గర ఈయన గొప్పగా చెప్పుకున్నాట్ట, నాన్న పేజీ విప్పుతామని ఎవరో అడిగితే నేను ఒప్పుకోలేదమ్మా అని. ఆవిడ, "ఆ పేజీ ఇంకా ఉందీ? నాకు ఒక కాగితం మీద వేసివ్వు" అని పట్టుబట్టి బయల్దేరింది. ఓనరు మహా హుషారుగా, "ఏమ్మా, పైనుంచి దింపు" అన్నాడు పొడుగక్కతో. ఆవిడ నా వంక చూసింది. నేను దగ్గాను. ఇంకేం చెయ్యను?

కాగితం పైకి తీసేసరికి దాని నిండా నల్ల చుక్కలు, మినుములు ఆరబోసినట్టు. ఓనరు కళ్ళజోడు తీశాడు. "ఎవరు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "నేనేనండీ. ఈ అబ్బాయికేం తెలీదు. మీరు వద్దన్నా తీశాను. అవన్నీ ఆ ఎనిమిది పేజీల్లో ఉన్నాయి, పిల్లల పుస్తకంలో. తిరిగి పెట్టేదాన్నే, ఈలోపు అమ్మగారొచ్చారు. ఇంటికెళ్ళమంటే వెళతాను, ముందు ఆ పేజీలు మిషనెక్కనివ్వండి" అంది. ఓనరు గొంతు ఇంతెత్తు లేచింది. అప్పుడు పెద్దమ్మగారు కుర్చీలోంచి, "అరవకురా. ముందు ఇందులో ఏముందో నాకు చెప్పు" అంది. ఓనరు టక్కున ఆగిపోయాడు. "నువ్వు చదివావు కదా?" అందావిడ. "చదివానమ్మా." "మరి నాకెప్పుడూ చెప్పలేదే?" "అమ్మకి ఎలా చెబుతామమ్మా అలాంటివి," అన్నాడు నేల చూపులు చూస్తూ. నలభై ఏళ్ళుగా ఇంట్లో ఒక్కళ్ళూ ఆవిడకి దాని అర్థం చెప్పలేదు, తెలుసా. ఆయన పేర్చాడు, కొడుకు దాచాడు, అంతే.

మాస్టారు ముందుకొచ్చి, మచ్చలున్న చోట గరాటులు ఊహించుకుంటూ, మెల్లగా మన మాటల్లో చదివాడు. గొప్ప పద్యమేమీ కాదు, నిజం చెప్పాలంటే. నువ్వు తలుపు తీశావు, వీధిలో ఎండ ఉందో లేదో నాకు గుర్తు లేదు, అని మొదలు. పెద్దమ్మగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. "ఈయనేనా? నాతో రోజుకి నాలుగు మాటలాడితే అందులో రెండు తలుపేసుకో అనేవి. ఇన్ని మాటలు పేర్చాడా నా మీద?" మాస్టారు చదువుతూ చదువుతూ చివరి పంక్తి దగ్గర ఆగాడు. అక్కడ ఉన్నది ఓవర్‌జాయ్డ్. పంక్తి చివర ఒంటరిగా, మధ్యలో నల్లమచ్చతో. "అమ్మగారూ, ఈ మాట ఒక్కటీ నాకు తెగలేదు. మీరు తలుపు తీసిన రోజు ఆయన ఎలా ఉన్నాడో చెబుతారా?" అన్నాడు.

ఆవిడ ఆలోచించలేదు. "ఆ రోజా? మా నాన్నకి బట్టల పొట్లం ఇవ్వడానికొచ్చాడు. నన్ను చూసి ఇవ్వడం మర్చిపోయాడు. చంకలో పొట్లంతో మా వీధిలోనే మూడుసార్లు పైకీ కిందికీ తిరిగాడు. మా అమ్మ కిటికీలోంచి చూసి, ఈ అబ్బాయికి కాళ్ళు నేల మీద ఆనడం లేదే, ఏం మాట్లాడావే అంది" అంది. నేను మాస్టారి వంక చూశాను, మాస్టారు పొడుగక్క వంక చూశాడు. ఆవిడ అప్పటికే వెనక్కి తిరిగి మన అక్షరాల కేసు ముందు నిలబడింది. టిక్కు టిక్కుమని చప్పుడు. బిగించిన పేజీ వదులు చేసి, ఓవర్‌జాయ్డ్ కింద ఖాళీగా ఉన్న చోట ఆ కాళ్ళ మాట దించేసింది. చెవిటాయన ఎవరూ చెప్పకుండానే చక్రం తిప్పాడు.

ఓనరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. మొదటి కాగితం తనే తీసి వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టాడు. పొడుగక్కని ఇంటికెళ్ళమనడం మర్చిపోయాడో, మర్చిపోయినట్టు ఊరుకున్నాడో మరి. మాస్టారైతే దాన్ని కూడా ఓవర్‌లుక్ కింద వాక్యంగా వేయొచ్చన్నాడు. శని, ఆదివారాలు అందరం కూర్చుని కుట్టాం. సోమవారం మాస్టారు పుస్తకం పట్టుకుని కమిటీకి వెళ్ళి, అరగంటలో రిక్షా కూడా ఎక్కకుండా పరిగెత్తుకుంటూ వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి. ఊళ్ళో బళ్ళన్నీ ఆ పుస్తకమే తీసుకున్నాయి. పొడుగక్క గరాటులన్నీ ఎక్కడివక్కడ పెట్టేసింది. అయినా పెద్దమ్మగారు మచ్చల కాగితమే కావాలని పట్టుకెళ్ళింది, మంచం పక్క గోడకి అంటించుకుంది. శుభ్రంగా అచ్చేసింది ఇస్తామన్నా పుచ్చుకోలేదు.

అక్క పోయి ముప్పై ఏళ్ళు దాటింది. మాస్టారు అంతకు ముందే. ఆ అలమారా కింది అరలో చూడు, ఎర్ర అట్ట. జాగ్రత్త, కుట్టు ఊడుతోంది. చివరి పేజీ తియ్యి ముందు. అట్టడుగున, చిన్న అక్షరాల్లో. 'మాటలు పేర్చినది, కొన్నిటికి అర్థం చెప్పినది, పొడుగక్క.' మాస్టారు పెట్టించాడు. అసలు పేరు వేస్తానంటే ఆవిడే, ఆ పేరు పెడితే ఎవరికి తెలుస్తుంది అంది. ఇప్పుడు ఓవర్ పేజీలకి రా. ఊఁ, అదే. ఓవర్‌జాయ్డ్. నా కళ్ళజోడు వద్దులే, నువ్వే చదువు, పైకి.

ఇంకోసారి.

ఆఁ. సరే, మిగతావి అన్నం తిన్నాక చెబుతాను. ఆకాశం అలా మబ్బు పట్టేసిందేంటి, దండెం మీద బట్టలున్నాయి, వెళ్ళు వెళ్ళు. ఓవర్‌కాస్ట్ అంటారు దాన్ని. అది కూడా రాసుకో.