డెబ్బై శాతం వాన

మీరు జవాబు చెప్పనక్కర్లేదు, బాబా. చెప్పకూడదు కూడా, నాకు తెలుసు. వాన ఆపే పని ఒప్పుకున్న రోజున చివరి అతిథి లేచేదాకా మీరు మాట్లాడరు, స్నానం చెయ్యరు, చుక్క నీరు ముట్టరు. అందుకే కదా ఇక్కడికొచ్చింది! ఈ పెళ్ళిలో ఉన్న నాలుగొందల మందిలో, "మీ అమ్మాయి ఏం చదువుతోంది?" అని నన్ను అడగలేని మనిషి మీరొక్కరే.

కాస్త కూర్చుంటాను. మీ నిప్పు పొగ ఇటు రాకుండా విసరండి... ఆఁ, అలా.

ముందు ఈ అరటికాయ తినండి. పొద్దుట్నుంచీ ఖాళీ కడుపుతో ఉన్నారు. నా చేత్తో నిప్పుల మీద కాల్చాను. నీళ్ళు తగల్లేదు లెండి. మీ నియమాలు నాకు తెలియనివా? పద్దెనిమిదేళ్ళుగా ఈ అబెయొకుటాలో నేను షామియానా వేసిన చోటల్లా దాని వెనకాల మీ నిప్పు రాజుకుంటూనే ఉంది. "టెంట్లూ కుర్చీలూ మొరెనికే వాళ్ళమ్మ దగ్గర, వాన సంగతి బాబా అకాన్ని దగ్గర." ఊళ్ళో అందరూ అనే మాటే.

ఏమిటి? మెత్తగా ఉందా? కాస్త పండిన కాయేమో లెండి. తినండి, తినండి.

ఇందాక పెళ్ళికూతురి మేనత్త పట్టుకుంది నన్ను. ఆవిడ తలకు చుట్టిన గెలే చూశారా, దాని కింద ఇద్దరు నీడకి నిలబడొచ్చు. "మా వాడు మెడిసిన్, చిన్నది ఫార్మసీ. మరి మీ అమ్మాయి?" అంది. వాతావరణ శాస్త్రం అన్నాను. ఆవిడేమందో తెలుసా? "అయ్యో" అంది! అయ్యో ఏమిటి బాబా? నా బిడ్డకి జబ్బేమైనా చేసిందా? పైగా నా చెయ్యి నిమిరి, "ఏం పర్లేదు, పెళ్ళయ్యాక అన్నీ సర్దుకుంటాయి" అంది.

నిరుడు చర్చిలో ఏమైందో మీకు చెప్పలేదు కదూ. సీటొచ్చిన పిల్లలందర్నీ ముందుకి పిలిచారు. ఒకడు మెడిసిన్ అన్నాడు, చప్పట్లు. ఒకమ్మాయి ఇంజనీరింగ్ అంది, చప్పట్లు. ఇంకొకడు అకౌంట్స్ అన్నాడు, కాస్త తక్కువైనా చప్పట్లే. మా మొరెనికే మైకు దగ్గరికెళ్ళి గట్టిగా, గర్వంగా చెప్పింది. ఒక్క చప్పుడు లేదు! పైన ఫ్యాను తిరగడం వినిపించింది నాకు. పాస్టరు గొంతు సవరించుకుని, "దేవుడికి అన్నీ తెలుసు" అన్నాడు. అది దీవెనా, పరామర్శా? మీరే చెప్పండి. వద్దు, చెప్పకండి.

అదొక రకం. ఇంకో రకం ఏమిటంటే, మా వీధిలో వాళ్ళు. బారసాల తేదీ పట్టుకుని ఇంటికొస్తారు. "ఆ రోజు వాన పడకుండా చూడమ్మా, చదువుకున్న పిల్లవి కదా!" అంటారు. అది ఓపిగ్గా, "ఆపడం నాకు రాదు ఆంటీ, వస్తుందో రాదో చెప్పగలను" అంటుంది. "అదేమిటి, నాలుగేళ్ళ చదువులో ఆపడం నేర్పరా? బాబా అకాన్ని బడికే వెళ్ళలేదే!" అని వెళ్ళిపోతారు.

నవ్వకండి. ఇదంతా మీవల్లే.

అవును, మీవల్లే! వాళ్ళ నాన్న పోయాక ఆరేళ్ళ పిల్లని ఇంట్లో ఎవరి దగ్గర వదలను? పనికి వెంట తీసుకొచ్చేదాన్ని. షామియానా తాళ్ళు కట్టేటప్పుడు కాళ్ళకి అడ్డం పడుతుందని మీ నిప్పు పక్కన కూర్చోబెట్టేదాన్ని. మీరు మాట్లాడరు కదా, దాని ప్రశ్నలకి జవాబు రాక విసిగిపోయి ఊరుకుంటుందిలే అనుకున్నాను. ఊరుకుందా? మీరు దేన్ని చూస్తే దాన్ని చూసింది. గాలి ఎటు మళ్ళుతోంది, చీమలు గుడ్లు ఎటు మోస్తున్నాయి, ఓలుమో కొండ మీద మబ్బు ఏ రంగులో ఉంది. పని లేని రోజుల్లో మీ ఇంటికొచ్చి అన్నీ అడిగి పుస్తకంలో రాసుకునేది. ఇప్పుడు ఆకూరేలో, యూనివర్సిటీలో, మొదటి ఏడాది ప్రాజెక్టు రాసిందట. మొదటి పేజీలో మీ పేరుంది. "సమాచారం ఇచ్చినవారు: బాబా అకాన్ని" అని. దాని చేతే చదివించుకున్నాను. మీకు చెప్పలేదా అది? సిగ్గేసుంటుంది.

నేను రోజూ పొద్దున్నే ఫోను చేస్తాను. తిన్నావా, జ్వరం మాత్రలు దగ్గరున్నాయా, ఆ గదిలో పిల్ల మంచిదేనా. అది మాత్రం, "అమ్మా, మన దగ్గర మబ్బు ఎలా ఉంది?" అని అడుగుతుంది. దూరాన ఉన్న పిల్లకి అమ్మ మీద బెంగ ఉండాలా, మబ్బు మీద ఉండాలా?

సరే, ఇప్పుడు అసలు సంగతి.

మా బావగారున్నారు కదా, బామిడేలే గారు. ముప్ఫై ఏళ్ళు కోర్టులో గుమాస్తాగా లాయర్ల ఫైళ్ళు మోశారు. మన ఇంట్లోనూ ఒక లాయరు పుట్టాలని ఆయనకో కోరిక. మొరెనికే ఆరేళ్ళప్పుడు ఒక విందులో, "మగపిల్లలకి నాలుగేసి మాంసం ముక్కలు, నాకు రెండేనా? ఎందుకు?" అని ఆయన్ని నిలదీసింది. ఆ రోజు నుంచీ దాన్ని లాయరమ్మా అనే పిలుస్తారు. తీరా అది వాన చదువుకి పోయేసరికి, ఇంట్లో దొంగలు పడ్డట్టు కూలబడిపోయారు. ఇప్పుడు ఎవర్నో పట్టుకుని కోర్సు మార్చుకునే ఫారం తెచ్చారు. లా కి మారొచ్చట. సోమవారం ఆఖరు రోజు.

మొన్న గురువారం అది సెలవుకి ఇంటికొచ్చింది. ఫోనులో ఆకాశం బొమ్మలేవో చూసి, "శనివారం మూడున్నరకీ నాలుగున్నరకీ మధ్య వాన పడుతుంది పెదనాన్నా" అంది.

"బాబా అకాన్నిని పెట్టుకున్నారమ్మా లాయరమ్మా, వాన ఎలా పడుతుంది?"

"డెబ్బై శాతం పడుతుంది."

"డెబ్బై శాతం వానంటే ఏమిటే? మోకాళ్ళ దాకా తడుస్తామా?"

నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. అది మాత్రం నవ్వలేదు. అప్పుడు ఆయనన్నారు కదా, "సరే. వాన పడిందా, ఈ ఇంట్లో లా అనే మాట నా నోట రాదు. పడలేదా, సోమవారం నువ్వు ఫారం మీద సంతకం పెట్టాలి."

"సరే పెదనాన్నా" అని చెయ్యి కలిపేసింది!

"చదువుని ఎవరైనా పందెంలో పెడతారటే?" అన్నాను నేను. "నేను పందెం కాయలేదమ్మా, అంచనా చెప్పాను" అంది. "మరి ఆ మిగతా ముప్ఫై సంగతేమిటే?" అంటే, "అది ఆయన అదృష్టం" అంది. అంత మామూలుగా! గొంతు మామూలుగానే ఉంది గానీ బాబా, ఆ పూట రెండు మెతుకులు తిని లేచిపోయింది. ఇదెక్కడా తలొంచే పిల్ల కాదు. మాటిచ్చిందంటే ఏడుస్తూ అయినా సంతకం పెడుతుంది. ఆ తర్వాత జన్మంతా నల్ల కోటేసుకుని కోర్టు కిటికీలోంచి మబ్బులు చూస్తూ కూర్చుంటుంది.

నా తిప్పలు చూడండి. వాన పడితే మీ పేరు పోతుంది, నా కుర్చీల మెత్తలు తడుస్తాయి. పడకపోతే నా బిడ్డ పోతుంది.

అందుకని మిమ్మల్ని ఒక్కటి అడుగుదామని వచ్చాను. వానని కొంచెం వదులుగా పట్టుకోండి. మొత్తం వదిలెయ్యమనను. నాలుగింటికి, ఒక్క పావుగంట. ఎవరికీ నష్టం లేదు. వడ్డన ఒంటిగంటకే అయిపోయింది, చూశారుగా. మూడింటికి పెట్టాల్సింది. వంటవాళ్ళకి ఇంకో చోట పనుందని పెళ్ళికూతురి తల్లికి అబద్ధం చెప్పి ముందుకు జరిపించాను. విరిగిన కుర్చీ ఒక్కటి ఎవరికీ వెయ్యనిదాన్ని, ఈ వారంలో అబద్ధమాడాను. తడిస్తే అన్నం తడవకూడదని!

తల అలా అడ్డంగా ఊపకండి. మీ పనికీ మర్యాద ఉంది, కాదనను. కానీ ఆ పిల్ల మీ నిప్పు పక్కన పెరిగింది.

అరె, మళ్ళీ ఆకులెందుకు వేస్తారు నిప్పులో? నేనింత చెప్పాక కూడానా!

అదిగో చూడండి బావగారిని. కొత్త అగ్బాదా అంగీ వేసుకుని, షామియానా వదిలేసి ఎండలో నిలబడ్డారు, చేతి గడియారం చూసుకుంటూ. ఆయన గొడుగు కూడా తెచ్చుకోలేదు. మీ మీద అంత నమ్మకం! పిల్ల మాత్రం ఆ చివర స్తంభం దగ్గర, పుస్తకం గుండెకి హత్తుకుని. గోళ్ళు కొరుకుతోంది. వేళెంత? మూడూ నలభై. ఆకాశం చూస్తే ఇప్పుడే ఉతికి ఆరేసినట్టుంది.

మూడూ యాభై.

బాబా, గాలి మళ్ళిందా? ఇందాక పొగ నా వైపొచ్చింది, ఇప్పుడు మీ వైపొస్తోంది. ఓలుమో కొండ వైపు చూడండి. కాదు, దాని వెనకాల. అది మబ్బేనా? వంటశాల పొగేమో... కాదు, మబ్బే. మీ ముఖం ఎందుకలా అయింది? అంత గట్టిగా విసరకండి, నిప్పురవ్వలు లేస్తున్నాయి.

నా చేతి మీద ఏదో పడింది.

ఇంకోటి!

పడుతోంది బాబా! పడుతోంది! అయ్యో నా మెత్తలు... పోనివ్వండి, తడవనివ్వండి! వాళ్ళ పరుగులు చూడండి. ఆ మేనత్త గెలే జారి ముక్కు మీదికొచ్చేసింది. బావగారు కదలడం లేదు. అగ్బాదా తడిసి ఒంటికి అంటుకుపోయి, నిలువునా కర్రలా ఉన్నారు. మోకాళ్ళ దాకా కాదు, నెత్తి నుంచి తడిశారు! ఇదేమో టైము రాసుకుంటోంది. గెంతదు, అరవదు, టైము రాసుకుంటోంది నా తల్లి. అదిగో, ఆయన ముందు ఏదో అంటోంది. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టారు. పెట్టారు బాబా.

మీ నిప్పు ఆరిపోయింది.

అలా చూడకండి నా వైపు. చెప్తున్నాను, ఆగండి.

మీ తప్పేం లేదు. ఆ అరటికాయ మెత్తగా ఉందని మొహం పెట్టారు చూడండి... పండి కాదు. కాల్చాక నీళ్ళు చల్లాను. ఒక్కసారి కాదు, మూడుసార్లు. మీ నోట్లోకి నీరు పోతే మీ పట్టు సడలుతుందని. ఇది ఈ వారంలో నా రెండో అబద్ధం. చర్చిలో ఆ పాస్టరు మీద కోపం తెచ్చుకున్నాను. ఆ మేనత్త అయ్యో అందని మండిపడ్డాను. తీరా నేను చేసిందేమిటి? కన్నబిడ్డ డెబ్బై అంటే, నేను ఆ ముప్ఫైనే నమ్మాను.

ఇప్పుడీ వాన ఎవరిది బాబా? దాని చదువుదా? నా అరటికాయదా? ఊళ్ళో వాళ్ళకైతే, బాబా అకాన్ని చివరి విస్తరి లేచేదాకా ఆపాడు అని నేనే చెప్తాను. ఈ ఒక్కటీ అబద్ధం కాదు. కానీ దానికి మాత్రం చెప్పకండి. నా మీద కోప్పడదు అది. పుస్తకం తీసి, "ఎన్ని చుక్కలు చల్లావమ్మా? ఏ టైముకి?" అని అడుగుతుంది.

ఏమిటా చెయ్యి చాచారు? నీళ్ళా?

ఇంద, తాగండి. ఇంకేం మిగిలిందని.