దండేసిన ఫోటో

ఆ పండ్ల సంచి గడప బయటనే ఉండనీ నర్సింహులు సారూ. ఇయ్యాల పెద్దమ్మ అంటున్నవేంది? మొన్నటిదాక ఆసుపత్రిల 'ఏ రాజవ్వ' అని పిలిచేటోనివి గదా. నేనుండే ఖోలీకొస్తే వరస యాదికొచ్చిందా?

కూసో. కుర్సీ లేదు, గా బాల్డి బోర్లేసుకోని కూసో. ఈ పదకొండో గల్లిలనే పుట్టినోనివి, నీకు కొత్తేం గాదు. మీ అమ్మ యాదమ్మ సున్నం మొయ్యనీకె పోతే నిన్ను నా ఒళ్లె పండవెట్టుకున్న. ఇప్పుడు మా ఆసుపత్రికే మేనేజర్వయినవ్. మనోడు మేనేజరైండు, ఇగ మన బాధ ఇంటడని గల్లంత నేనే చెప్పుకున్న. నా నోటికేం పుట్టిందో.

పుణెకు పోయి ట్రేనింగు చేసొచ్చినవ్. పనోళ్ల మనసెట్ల తెలుసుకోవాలె, వాళ్లతోని ఖుషీగ పనెట్ల చేయించుకోవాలె అని నేర్పిండ్రంట. ఒచ్చిన తెల్లారి నుంచి వార్డు వార్డుకు తిరుగుడే. 'ఎట్లున్నవ్ రాజవ్వ, ఇంట్ల అంత బాగేనా?' బాగలేదు సారూ, ఊర్లె మా అమ్మ మంచం పట్టింది అని చెప్పిన. నువ్వు 'మంచిది, మంచిది' అనుకుంట నా తోటి ఆయా అంజమ్మ దిక్కు పోయినవ్. ఆమెను గూడ గదే అడిగినవ్. ఆడ అడుగుడే నేర్పిండ్రా, ఇనుడు నేర్పలేదా?

సుట్టీ కోసం నీ క్యాబిన్‌కొచ్చిన. అమ్మను చూసొస్త, నాలుగు దినాలు చాలన్న. ఎదురుంగ కూసోవెట్టి చాయ్ తాపినవ్. నువ్వు లేకుంటే మూడో మంజిల్ల వార్డు నడ్వదు రాజవ్వ, పేషంట్లు నీ పేరే తీస్తరు, నువ్వు వాళ్లకు తల్లి లెక్క అన్నవ్. ఇన్నేండ్ల సంది ఆయా పని చేస్తున్న, ఒక్కలన్న గట్ల అన్నరా? నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మురుసుకుంట బయటికొచ్చిన. గ్రాంట్ రోడ్ టేసన్ కాడికొచ్చినంక తెలిసింది, నువ్వు సుట్టీ ఇయ్యనేలేదని.

మల్ల అడిగితే దసరా పోనీ అన్నవ్. చెప్పకుంట పోతే కొలువు పోతది, జాగ్రత్త అని నవ్వుకుంటనే చెప్పినవ్. సుట్టీకి బదులు ఫోటో తీయించినవ్. అందరికన్న మంచిగ పని చేసేది రాజవ్వ అని కింద మరాఠీల రాయించి, ఫ్రేము కట్టించి, పెద్ద దర్వాజ కాడ గోడకు కొట్టించినవ్.

అబద్ధమెందుకు, ఆ ఫోటో చూస్తే నాకు మస్తు సంబరమైంది. అంజమ్మ చీర అడుక్కోని కట్టుకోని దిగిన.

దసరా ముందటి దినం ఆయుధపూజకని మీ ప్యూను తుకారాం ఎక్స్‌రే మిషన్‌కు, లిఫ్టుకు, స్ట్రెచర్లకు, అన్నిటికి బంతిపూల దండలేసిండు. ఒక దండ మిగిలింది. రాజవ్వ ఫోటోకు ఏస్తనా సాబ్ అని నిన్నే అడిగిండంట. ఎయ్యి, మంచిగుంటది అన్నవంట. నొసట కుంకుమ గూడ పెట్టిండు.

ఆసుపత్రి నడిపే ట్రస్టీ సేట్లకు పట్టలేదనుకో. నీకేమైంది? మీ నాయిన ఫోటో మీ ఇంట్ల గోడకు లేదా? దానికేమేసినవ్ నువ్వు?

గా దినమే మొగులయ్య ఒచ్చిండు. మా ఊరోడే, ఈడ బిల్డింగు పనిల ఉంటడు. కాలికి ఇనుప మొల దిగితే పట్టీ కట్టించుకోనీకె ఒచ్చి నా ఫోటో చూసిండు. దండ చూసిండు. కింద రాసింది చదవరాదు వానికి. నేనప్పుడు మీదనే ఉన్న సారూ, ఒక ముసలామెకు బట్టలు మారుస్తున్న. వాడు ఎవల్నడగలే. కుంటుకుంట పోయి పండుగకు బండెక్కిండు. ఊర్లె దిగి సక్కగ మా ఇంటికే పోయిండు.

పని చేసే మిల్లు బందైన ఏడు మా ఆయన పోయె. పిల్లలు లేకపోయిరి. నేను నిజంగ సస్తే గూడ ఈడి నుంచి ఊరికి కబురు చెప్పేటోళ్లెవలున్నరు? అందుకే మొగులయ్య చెప్పింది అందరు నమ్మిండ్రు. మా అమ్మ నమ్మింది.

నాకన్న ముందు బిడ్డ పోయెనా అని గంజి ముట్టలేదంట. నీళ్లు పోస్తే ఉమ్మేసిందంట. దసరా ఎల్లిన వారం తిరగకముందే పాణం ఇడిసింది.

మొన్న మా తమ్ముడు ఎల్లయ్య ఒచ్చిండు, నా సామాను తీస్కపోనీకె. గుండు చేయించుకోని ఉన్నడు. నేను నీళ్ల నల్లా కాడ గిన్నెలు తోముతున్న. నన్ను చూసి ఆడనే కూలవడ్డడు. అమ్మ పోతే తార్ కొట్టి కబురెందుకు చెప్పలేదురా అన్న. సచ్చినదానికి తార్ ఎట్ల కొడ్తరక్క అన్నడు.

తల కిందికేస్తవేంది? ఇటు చూడు.

ఏందీ? ఇప్పుడు పదిహేను దినాలు సుట్టీ ఇస్తవా? జీతంతోని? ఎవల్ని చూడనీకె పోవాలె నేను? నాలుగు దినాలడిగితి గదా కొడుకా. పోయి, నెత్తికి నూనె రాసి, ఇంత గంజి నా చేతుల్తోని తాపి ఒస్తుంటి. పోయేటామె పోతుండె. బిడ్డ ఉన్నదని పోతుండె.

క్షమించుమనకు. నేను క్షమిస్తే నీ పాణం తేలికైతది, నాదేమైతది?

రేపు డ్యూటికొస్త. రాక ఏడికి పోత, కడుపున్నది గదా. బెడ్‌పాన్లు కడుగుమను, కడుగుత. శవాన్ని మొయ్యమను, మోస్త. తప్పు చేస్తే అందరి ముంగట తిట్టు, పడ్త. కాని ఇంకోపారి నన్ను మెచ్చుకోకు నర్సింహులు. గది పడుడు నాతోని గాదు.