కాలవ దాకా నడిచే వస్తా

నేనేం నీ ఇంటికి రాలేదు. ముందు ఆ సంగతి తెలుసుకో. మోకాలు మొరాయించింది, మొరాయించిన చోట నీ మెట్టు ఉంది, కూర్చున్నాను. పక్కింటి ముందు మొరాయిస్తే పక్కింటి మెట్టు మీద కూర్చునేదాన్ని.

ఆ గ్లాసు అక్కడ పెట్టు. దాహం లేదు నాకు.

అలా చూడకు, తోటికోడలి మొహం ఎన్నడూ చూడనట్టు. చూసి చాలా ఏళ్ళయిందంటావా, అదీ నిజమేలే. ఈ సందులోంచి పోయినప్పుడల్లా మా అమ్మాయి కారులోనే పోయాను. నీ ఇల్లు వచ్చేసరికి అద్దం పైకెత్తించి అటు తిరిగి కూర్చునేదాన్ని. నీకు కనిపించాలనే ఎత్తించేదాన్ని, అది వేరే సంగతి.

ఇవాళ అద్దం లేదు. కారే లేదు. వద్దన్నది నేనే.

నవ్వకు. విను ముందు.

కిందటిసారి కాలవ శుభ్రం చేద్దాం రమ్మంటే జనం బాగానే వచ్చారు, కాదనను. ఎలా వచ్చారనుకున్నావు? మనిషికో కారు. గట్టు పొడుగునా బారులు తీర్చి పెట్టారు. మేమేమో నడుం విరిగేలా వంగి ఆ సీసాలూ, కవర్లూ, కుళ్ళిన గుడ్డలూ లాగి సంచుల్లో కట్టాం. తీరా చెత్త ట్రాక్టరు వస్తే గట్టెక్కడానికి దారేదీ? హారను కొట్టీ కొట్టీ విసుగొచ్చి వెనక్కి పోయాడు. సంచులన్నీ అక్కడే. కుక్కలు చింపాయి, గాలి లేచింది, తీసిందంతా మళ్ళీ నీళ్ళలోకే పోయింది. నాకు కడుపు మండిపోయింది. ఇల్లు ఊడ్చి ఆ చెత్త తెచ్చి పక్క మీద పోసుకుంటామా ఎవరమైనా?

అందుకని మీటింగులో లేచి నిలబడ్డాను. ఈసారి వచ్చేవాళ్ళు నడిచి రండి, సైకిలు మీద రండి, లేదంటే బస్సులో వచ్చి కూడలి దగ్గర దిగండి, కారు మాత్రం కాలవ మొహం చూడకూడదు అన్నాను.

గోడౌను సూపర్వైజరు లేడూ, రిటైరయ్యాక కూడా అందరినీ కూలీలనుకునే ఆ మనిషి, వాడు కాలు మీద కాలేసుకుని నవ్వాడు. "పెద్దమ్మగారూ, ముందు మీరు కూడలి నుంచి కాలవ దాకా నడవండి. మీరు నడిస్తే మేమంతా నడుస్తాం. నడవలేకపోయారా, వచ్చేసారి నుంచి ఎవరి బండి వాళ్ళది, మళ్ళీ మీరు ఆ మాట ఎత్తకూడదు" అన్నాడు. అందరూ బాగుంది బాగుంది అని తలలూపారు. నేను సరేనన్నాను. నా నోటి సంగతి నీకు తెలియనిదా, అది కాళ్ళనడిగి మాట్లాడదు.

కూడలి నుంచి కాలవకి ఈ ఒక్క సందే దారని అప్పుడు గుర్తు రాలేదు చూడు. మీటింగయ్యి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. ఆ సందులో నీ ఇల్లుందని.

పొద్దున మా అమ్మాయేమో, "కాలవ మలుపు దగ్గర దింపేస్తానమ్మా, నాలుగడుగులు నడుద్దువు గాని, ఎవరు చూస్తారు?" అంటుంది. నేను చూడనా? చెడామడా తిట్టి బస్సెక్కాను. తోడొస్తామన్నవాళ్ళని ముందుకి పంపేశాను, నా నడక మీద వాళ్ళ జాలి చూపులు నాకెందుకని. వాళ్ళీపాటికి పని మొదలెట్టి ఉంటారు. ఒక చూపు నీళ్ళ మీద, ఒక చూపు మలుపు మీద.

ఏంటి, చెయ్యి పడతావా? దూరంగా ఉండు. ఆ చెయ్యి సంగతి నాకు తెలుసు.

మరిచిపోయాననుకున్నావా? ఇల్లు పంచుకుని సంతకాలకి వెళ్ళిన రోజు. నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే, వంటింట్లో, పలక మీద, మగవాళ్ళు పనికి పోయాక. నా పేరు నేను రాసుకోవాలని ఎన్నాళ్ళు దిద్దాను. ఆ రోజు గుమాస్తా కలం ఇస్తే రాస్తున్నాను. మెల్లగానే రాస్తున్నాను, కానీ ఆగలేదు. సగం అయింది. వెనక జనం గొణుగుతున్నారని నువ్వు కలం లాక్కున్నావు. "మా అక్కకి చదువు రాదండీ, వేలిముద్ర వేయించుకోండి" అన్నావు. వాడు నా బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాడు, నా వేలు నాది కానట్టు.

బస్సు పోతుందని అన్నావు తర్వాత. ఆ బస్సు దొరికింది కూడా. కిటికీ పక్కన కూర్చున్నావు. నా పేరు మాత్రం ఆ కాగితం మీద సగంలో ఉండిపోయింది.

ఉండు. మాట్లాడకు. ఆ చప్పుడు విన్నావా?

ఆ సూపర్వైజరు కారే. ఎంత నింపాదిగా వస్తున్నాడో చూడు, నేను ఏ గోడ కింద కూలబడ్డానో వెతుక్కుంటూ. లేపు నన్ను. వద్దు వద్దు, లేపకు, లేవలేక లేస్తుంటే చూశాడంటే ఇంకా లోకువ. నువ్వే కూర్చో. నా పక్కన. ఆ గ్లాసు ఇటివ్వు. మామూలుగా ఉండు.

ఏమయ్యా సూపర్వైజరూ, కారు తీశావేం? ఓహో, నా కోసమే. ఎక్కను. ఎవరికీ చెప్పవా? నువ్వు కడుపులో దాచుకుంటావు, రేపు నాకెదురైనప్పుడల్లా నవ్వుతావు, నాకు తెలియదూ. అలసట ఎవరికి? ఇదిగో, ఈమె మా చెల్లెలు. తననీ కాలవకి తీసుకెళ్దామని ఆగాను. చెప్పులేసుకోవడానికి ఇంతసేపు చేస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వు పోయి ఆ కారు ఇంటి దగ్గర పెట్టి నడిచి రా. మేమొచ్చేసరికి గట్టు మీద కనబడాలి.

పోయాడా? వెనక్కి తిప్పాడా, సరిగ్గా చూడు.

హమ్మయ్య.

ఏం, అలా చూస్తావు? వాడు వినాలని అన్నాను. మాటల్లేని తోటికోడలింట్లో నీకేం పనని అడగడా మరి? అందుకని చెల్లెలన్నాను, అంతే. చిన్నప్పటి నుంచీ అని నోరు జారాను, నువ్వు మన ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నీకు జడ కూడా సరిగ్గా వేసుకోవడం రాదు, అందుకని వచ్చి ఉంటుంది ఆ మాట. కళ్ళు తుడుచుకుంటావేంటి? దుమ్మా. ఊఁ, దుమ్మే లేపి పోయాడు.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఇంకొంచెం పొయ్యి.

ఇప్పుడిద్దరం ఇరుక్కున్నాం. నువ్వు రాకపోతే నా మాట అబద్ధమవుతుంది. తలుపేసిరా. నడవమన్నాడు గానీ ఆసరా పట్టుకోకూడదని వాడు అనలేదు. నువ్వు నా చెయ్యి పట్టుకోకు. నేనే నీ చెయ్యి పట్టుకుంటాను.

లాగకు. నా కాలు ఎంత మెల్లగా పడితే అంత మెల్లగా రావాలి నువ్వు. నేను మధ్యలో నిలబడితే నువ్వూ నిలబడాలి. అటునుంచి ఎవరు పిలిచినా, వెనకనుంచి ఎవరు హారను కొట్టినా సరే. చివరి అడుగు దాకా నేనే వెయ్యాలి. ఈసారి సగంలో లాక్కోకు.

ఊఁ. అలాగే. బాగానే వస్తున్నావు.

ఇందాక మోకాలు నీ ఇంటి ముందే మొరాయించిందన్నానా. కూడలి దాటగానే మొరాయించింది. దారిలో కూర్చోవడానికి మెట్లు లేకపోలేదు.

సరేలే, అదంతా ఇప్పుడెందుకు. కింద చూసి నడు, అక్కడ గుంట ఉంది.