పూర్తి స్పృహలో

1946 ఎండాకాలం. మాచర్ల దగ్గర రాతి క్వారీలో బండలు పగలగొట్టే మందు తూటా పేలి కొండలు చచ్చిపోయి నెల తిరిగింది. ఆ చావు మీద విచారణలో సాక్ష్యం చెప్పి ఇంటికొచ్చిన తన తమ్ముడు నాగుల్ని, కొండలు పెళ్లాం రత్తమ్మ వాకిట్లోనే ఆపింది.

"ముందు దీనికి అర్థం చెప్పు. స్పృహ అంటే ఏందిరా?"

"ఏందక్కా, ఇప్పుడే వస్తిని. మంచినీళ్లన్నా ఇయ్యవా?"

"కుండ ఆడనే ఉంది. స్పృహ అంటే ఏంది?"

"స్పృహ అంటే... తెలివి. సోయి."

"దస్తావేజులు రాసే ఇమాం సాహెబ్, మీ బావ చావుముందు చెప్పాడని కోర్టుకిచ్చిన కాగితం నకలు చదివి వినిపించాడు. 'కొండలు అనే నేను పూర్తి స్పృహలో ఉండి చెప్పేదేమంటే, కంట్రాక్టరు గారు వద్దన్నా వినక తూటా నేనే ముట్టించితిని.' కింద సాక్షివి నువ్వు."

"ఇమాం సాహెబుకేం తెలుసు..."

"చదవటం తెలుసు. మీ బావకి స్పృహ ఏడుందిరా? గురజాల ఆసుపత్రిలో మూడు రోజులు పక్కనే కూసున్నా. అరికాలు గిల్లినా చలనం లేదు. నోట్లో నీళ్లు పోస్తే చెంప మీదుగా కారిపోయినయ్."

"కళ్లు తెరిచాడు గదక్కా."

"తెరిస్తే? నన్ను చూశాడా? రత్తీ అన్నాడా? కన్ను తెరిస్తే స్పృహ అయిపోద్దా?"

"మూలిగాడు."

"మూలుగుని కూడా స్పృహ అనే రాస్తారా కోర్టోళ్లు?"

"కంట్రాక్టరు ప్లీడరు అట్టా అనమన్నాడు. ఆ మాట లేకపోతే కాగితం చెల్లదంట..."

"డాక్టరు నాతో ఏమన్నాడో తెలుసా? 'ఇతనికి స్పృహ లేదమ్మా, నొప్పి తెలీదు, ఏడవకు' అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నెల రోజుల్నించీ ఇంత ముద్ద మింగుతున్నా. నువ్వేమో..."

"అక్కా, అరవమాక. పక్కింటోళ్లు..."

"విననియ్! అమ్మ పోతే నిన్ను చంకనేసుకుని పెంచా. క్వారీలో పనికి పెట్టించింది ఆయన. ఆయన నోట్లో లేని మాట పెట్టావు. కంట్రాక్టరు నీకేం ఆశ పెట్టాడురా?"

"ఏమీ పెట్టలా. నీ మీద ఒట్టు."

"మరి ఆ అబద్ధం ఎందుకు?"

"తూటా బావే ముట్టించాడన్న మాట అబద్ధం. స్పృహ ఉందన్నది కాదు."

"నా కళ్ల ముందే..."

"రెండో రోజు పొద్దున గుడ్డలు ఉతకను బావి కాడికి పోయావే, అప్పుడు వచ్చింది. బాగా వచ్చింది. నా చెయ్యి పట్టుకున్నాడు."

"నాకు చెప్పలేదే! నాకెందుకు చెప్పలేదురా? ఏమన్నాడు? నా పేరెత్తాడా?"

"ఎత్తలా."

"మరేమన్నాడు? తల దించుకుంటావేంది, చెప్పు."

"'ఒరేయ్ నాగులూ, నేనింకా గుంతలోనే ఉండా గదరా, ఒక్క కేకన్నా వెయ్యకుండా ఎట్టా ముట్టించావురా' అన్నాడు."