మళ్ళీ మొదటేడు

ఆదెమ్మ ఉంది గదా, మన పడమటి బజారు ఆదెమ్మ, ఆమె కూతురు కోమలికి యూనివర్సిటీలో సీటొచ్చిందంట. వ్యవసాయం చదువు. సంతోషపడాల్సింది పోయి ఆదెమ్మ గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆ పిల్ల నిరుడే టౌన్లో ఇంకో కాలేజీలో డిగ్రీ చేరింది. పద్దుల చదువు. ఒంటబట్టలా. ఏడు తిరక్కుండానే మానేసి ఇంటికొచ్చి కూచుంది. ఇప్పుడు మళ్ళీ మొదట్నించి చేరాల. ఒకచోట చేరిన పిల్లని ఇంకోచోట చేర్చుకుంటారా? ఆదెమ్మకి తెలవదు. ఎవర్ని అడగాలో అదీ తెలవదు. అప్పుడేమనుకుందంటే, మనం సంబంధాలకాడ ఏం చేస్తాం? తాంబూలాలు పుచ్చుకున్నాక చెడిపోయిన సంబంధం ఉంటే కొత్తోళ్ళకి చెప్తామా? చెప్పం. నవ్వకండి, మీరూ చెప్పలేదు, నాకు తెలుసు. ఇదీ అట్టాగే అనుకుంది. బస్సులో పిల్ల చెయ్యి పట్టుకుని, పాపా, ఆ పాత కాలేజీ ఊసెత్తావంటే నా మీదొట్టే అన్నదంట. అమా, అది కాదే అని కోమలి ఏదో చెప్పబోతే, నోర్ముయ్యి అన్నది.

అక్కడికి పోయినాక ఏమైందంటే, కిటికీ వెనకాల గుమస్తా సారు కాయితాలన్నీ తిరగేసి, ఇంటర్ టీసీ ఏదమ్మా అన్నాడంట. టీసీ ఏడుంటది? పాత కాలేజీ వాళ్ళు చేరినప్పుడే తీసి పెట్టుకున్నారు. ఆదెమ్మ తడుముకోకుండా, ఎలకలు కొట్టేసినయ్యి సారూ అన్నది. అయ్యో, మరి నిరుడంతా పిల్లేం చేసింది? ఇంట్లోనే ఉంది సారూ, నాకు బాగోకపోతే చూసుకుంటా. ఏం బాగోలా? కడుపు అన్నది ఆదెమ్మ. మోకాళ్ళు అన్నది కోమలి. ఇద్దరూ ఒక్కసారే. ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, సరే, టీసీ పోయిందని పోలీస్ స్టేషన్లో రాయించుకు రండి, రేపు సాయంత్రం దాటితే ఈ సీటు వెనకోళ్ళకి పోద్ది అన్నాడంట.

పోలీసనేసరికి ఆదెమ్మ కాయితాలు వెనక్కి లాక్కుంది. ఎలకల మీద కేసేంది? నిజం చెప్తే సీటు పోద్దేమో, చెప్పకపోతే స్టేషను. ఎటూ తోచలా. పిల్లకేసి చూస్తే, అది ఒట్టుకి కట్టుబడి పెదిమలు బిగబట్టుకుని, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నిలబడుంది. అది చూసిందనుకోండి, ఇంక ఉగ్గబట్టుకోలేకపోయింది. సారూ, ఎలకల్లేవు, జబ్బూ లేదు, పిల్ల నిరుడు ఒక కాలేజీలో చేరి మానేసింది, అబద్ధం నాది, దాన్ని ఏమీ అనొద్దు అన్నది.

ఆయన నెత్తి కొట్టుకున్నాడంట. ఓ తల్లీ, ఆ మాట ముందే చెప్పొచ్చుగా, ఈ వరసలో అట్టాంటోళ్ళు ఎంతమంది లేరు! ఆ కాలేజీకి పొయ్యి టీసీ తెచ్చుకోండి, ఆడ పేరు తీసేస్తే ఈడ మొదటేడులో చేర్చుకుంటాం. మరి తప్పు కాదా సారూ? చేరి మానెయ్యడం తప్పు కాదమ్మా, దాస్తే తప్పు, తర్వాత బయటపడితే సీటు తీసేస్తారు. ఆదెమ్మకి అది సగమే అర్థమైంది. కోమలి అప్పుడు నోరు తెరిచి, నేను చెప్పబోయింది అదేనే అమా అన్నదంట.

మర్నాడు పొద్దున్నే టౌనుకి పొయ్యి టీసీ తెచ్చారు, సాయంత్రంలోపల పిల్ల చేరింది. సీటు నిలబడింది. అయితే ఇప్పుడేమైందంటే, ఎక్కడ ఏం దాస్తే ఏం పోద్దోనని ఆదెమ్మకి భయం పట్టుకుంది. హాస్టలు వార్డెనుకి చెప్పింది, అక్కడి వంటావిడకి చెప్పింది. తిరుగు బస్సులో కండక్టరు వస్తే, అయ్యా, మా పిల్ల నిరుడు ఒక కాలేజీలో చేరి మానేసింది అన్నదంట. ఆయన, అది సరేలేమ్మా, నువ్వెక్కడ దిగాల అన్నాడంట. మీరు నవ్వుతారు గానీ, ఆ కిటికీ ముందు నిలబడితే తెలుస్తది. ఆమె ఇంకా తేరుకోలేదు.